ఖాతాల జాబితాలను ఎక్సెల్‌లో సరిపోల్చడం: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

ప్రతి నెలా నా దగ్గరికి రెండు ఖాతాల జాబితాలు వస్తాయి. ఒకటి లెడ్జరు నుంచి తీసినది, రెండోది ఖాతాదారుల వివరాలుండే సాఫ్ట్‌వేర్ నుంచి దించినది. ఏ ఖాతా ఒకదానిలో ఉండి మరొకదానిలో లేదో, రెండింటిలోనూ ఉన్నవాటిలో దేని నిల్వ తేడాగా ఉందో తేల్చాలి. తొమ్మిదేళ్లుగా ఈ పనికి ఎక్సెల్‌నే వాడుతున్నాను, ఇకముందూ వాడతాను. అయితే మొదట్లో కళ్లు మూసుకుని నమ్మిన ఫార్ములాలలో కొన్నింటిని ఇప్పుడు ఖాతా నంబర్ల జోలికి రానివ్వడం లేదు.

ఒక జాబితాలోని నంబరును మరో జాబితాలో వెతికి దాని ఎదుటి వివరాన్ని తెచ్చే ఫార్ములా వీలుకప్ (VLOOKUP) గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నాలుగో ఆర్గ్యుమెంట్ (ఫార్ములా బ్రాకెట్లలో ఇచ్చే నాలుగో విలువ) వదిలేస్తే అది ఉజ్జాయింపుగా వెతుకుతుంది కనుక అక్కడ ఫాల్స్ అని రాసి తీరాలి. మధ్యలో ఎవరైనా ఒక కాలమ్ చేర్చితే నిల్వ రావలసిన చోట మరేదో వస్తుంది. 2019లో ప్రకటించిన ఎక్స్‌లుకప్ ఈ రెండు ఇబ్బందులనూ తీర్చింది. ఎక్సెల్ 2016, 2019 వెర్షన్లలో అది లేదు కాబట్టి, ఫైలు అటువంటి వెర్షన్ ఉన్నవారికి వెళ్లేటప్పుడు విలువ ఎన్నో వరుసలో ఉందో చెప్పే మ్యాచ్, ఆ వరుసలోని వివరాన్ని తెచ్చే ఇండెక్స్ రెండూ కలిపి రాస్తాను.

నన్ను ఎక్కువగా కష్టపెట్టినది ఖాతా నంబరే. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలను మాత్రమే ఉన్నవి ఉన్నట్టుగా నిలుపుకుంటుంది. 16 అంకెల నంబర్లున్న సీఎస్‌వీ (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్) ఫైలును నేరుగా తెరిస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది, నంబరు ముందు సున్నాలుంటే అవి ఎగిరిపోతాయి. తెరిచిన తరువాత ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చినా పోయిన అంకె తిరిగి రాదు కనుక, ఇంపోర్ట్ చేసేటప్పుడే ఆ కాలమ్‌ను టెక్స్ట్ అని ఎంచుకోవాలి.

అంత జాగ్రత్తా తీసుకున్నాక కూడా ఒక నెల దెబ్బ తిన్నాను. రెండు జాబితాలలోనూ నంబర్లు టెక్స్ట్‌గానే ఉన్నాయి. ఒక జాబితాలోని ప్రతి ఖాతా రెండోదానిలో ఉందో లేదో చూడడానికి, ఒక విలువ ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ వాడాను. ఒక్క చోటా సున్నా రాలేదు, అన్ని ఖాతాలూ ఉన్నాయని రాసి పంపాను. మొత్తాలు మాత్రం టాలీ కాలేదు. మధ్యాహ్నమంతా వెతికితే దొరికిందేమిటంటే, మొదటి 15 అంకెలూ ఒకటే అయి, ఒకటి 5631తోనూ మరొకటి 5637తోనూ ముగిసే రెండు ఖాతాలున్నాయి. రెండో జాబితాలో 5631 మాత్రమే ఉంది, అయినా 5637 ఎదుట కూడా కౌంట్‌ఇఫ్ 1 చూపించింది. అంకెలే ఉన్న టెక్స్ట్‌ను ఈ ఫార్ములా తనంతట తాను సంఖ్యగా మార్చుకుని పోల్చుతుంది, అలా మార్చినప్పుడు పదహారో అంకె లెక్కలోకి రాదు. డూప్లికేట్లకు రంగు వేసే కండిషనల్ ఫార్మాటింగ్‌లోనూ ఇదే లోపం ఉంది. మ్యాచ్, ఎక్స్‌లుకప్ మాత్రం టెక్స్ట్‌ను టెక్స్ట్‌గానే పోల్చుతాయి, కాబట్టి ఉందా లేదా అన్న ప్రశ్నకు అప్పటి నుంచి మ్యాచ్‌నే అడుగుతున్నాను. ఎన్నిసార్లు ఉందో తెలియాలంటే సమ్‌ప్రొడక్ట్ వాడతాను. వేల వరుసలలో అది నెమ్మదిగా నడుస్తుంది, కానీ తప్పు చెప్పదు.

కంటికి కనబడని ఖాళీలు మరొక తలనొప్పి. రెండు నంబర్లూ అచ్చం ఒకేలా కనిపిస్తూ ఫార్ములా మాత్రం ఎన్‌ఏ (#N/A, అంటే దొరకలేదు) అంటుంటే, నేను ముందుగా అక్షరాలను లెక్కపెట్టే లెన్ వేసి చూస్తాను. 16 రావలసిన చోట 17 వస్తే చివర ఏదో అంటుకుని ఉన్నట్టే. వెబ్‌పేజీ నుంచి కాపీ చేసిన డేటాలో అది తరచుగా 160 కోడ్ ఉన్న ఖాళీ అవుతుంది. మామూలు ఖాళీలను తొలగించే ట్రిమ్ దానిని ముట్టుకోదు, ఒకదాని బదులు మరొకటి పెట్టే సబ్‌స్టిట్యూట్‌తోనే తీసివేయాలి. నిల్వల విషయంలో, తీసివేత చేశాక రౌండ్‌తో రెండు దశాంశాలకు కుదించకపోతే, సున్నా కావలసిన చోట అతి చిన్న భిన్నం మిగిలి లేని తేడాలు ఉన్నట్టు కనబడతాయి.

గత కొన్నేళ్లుగా నెలవారీ పనిని, ఫైళ్లను తెచ్చి శుభ్రం చేసే ఎక్సెల్‌లోని పవర్ క్వెరీకి అప్పగించాను. రెండు జాబితాలను కలిపే దాని మర్జ్‌లో లెఫ్ట్ యాంటీ ఎంచుకుంటే మొదటి జాబితాలో మాత్రమే ఉన్న ఖాతాలు, రైట్ యాంటీ ఎంచుకుంటే రెండోదానిలో మాత్రమే ఉన్నవి విడిగా వస్తాయి. వచ్చే నెల కొత్త ఫైళ్లను అదే పేరుతో అదే ఫోల్డరులో పెట్టి రిఫ్రెష్ నొక్కితే చాలు. ఈ సౌకర్యానికి నేను మనస్ఫూర్తిగా మంచి మార్కులే వేస్తాను. రెండు హెచ్చరికలు మాత్రం ఉన్నాయి. వీలుకప్‌లా కాక ఇది పెద్ద, చిన్న ఇంగ్లిషు అక్షరాలను వేర్వేరుగా చూస్తుంది, కనుక అక్షరాలతో కూడిన కోడ్‌లను ముందే ఒకే తీరుకు తేవాలి. ఫైలు తెరవగానే చేంజ్డ్ టైప్ అనే స్టెప్‌ను కూడా తానే చేర్చి ఖాతా నంబర్లను సంఖ్యలుగా మార్చేస్తుంది, అందువల్ల కొత్త క్వెరీ మొదలుపెట్టిన ప్రతిసారీ నేను ముందుగా ఆ స్టెప్‌లోకి వెళ్లి ఖాతా కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చిన తరువాతే మర్జ్ దగ్గరికి వెళతాను.