ఆయుధాల అమ్మకాల్లో మాజీ అధికారుల పైరవీ: గడువు మేలా, ఫైలును బట్టి నిషేధం మేలా?

2025 జూలైలో మన ఓర్వకల్లు దగ్గరి డీఆర్‌డీఓ కేంద్రంలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని పరీక్షించారు. అప్పటినుంచి కర్నూలులో నా దగ్గర గ్రూప్స్‌కి చదివే పిల్లలు తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు: విదేశాలకు ఆయుధాలు అమ్మే వ్యవహారంలో మాజీ అధికారులు లాబీయింగ్ చేయకుండా ఆపాలంటే ఏ పద్ధతి మేలు?

ఎక్కువమంది చెప్పేది గడువు, అంటే పదవి వదిలాక కొంతకాలం లాబీయింగ్ చేయకుండా ఆపడం. అమెరికాలో 2017 డిసెంబరులో వచ్చిన రక్షణ చట్టం ప్రకారం త్రీస్టార్, ఫోర్‌స్టార్ జనరళ్లు రెండేళ్లు, వారి కింది జనరళ్లు ఏడాది, రక్షణ శాఖ దగ్గర లాబీయింగ్ చేయడానికి వీల్లేదు. మన కేంద్ర గ్రూప్-ఏ అధికారులైతే రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు కొలువుకు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. గడువును అమలు చేయడం సులువు, తేదీ చూస్తే చాలు.

కానీ ఆయుధాల బేరం ఏడాదీ రెండేళ్లలో తెగేది కాదు. మనం యుద్ధవిమానాలకు 2007లో టెండరు పిలిచాం. అది రద్దయి, రఫేల్ ఒప్పందం మీద సంతకాలు పడేసరికి 2016 వచ్చింది. అమ్మకాలూ అంతే. ఫిలిప్పీన్స్‌తో బ్రహ్మోస్ క్షిపణుల ఒప్పందం 2022 జనవరిలో కుదిరితే, మొదటి విడత చేరింది 2024 ఏప్రిల్‌లో. ధర ఎంతవరకు దిగొచ్చో, లోపల ఎవరికి ఏ అభ్యంతరం ఉందో తెలిసిన మనిషి గడువు తీరగానే అదే ఫైలు కోసం కంపెనీ తరఫున వచ్చి కూర్చుంటాడు. నాకు అసలు భయం ఇక్కడే.

అందుకే నా మొగ్గు ఫైలును బట్టి వేసే నిషేధం వైపు. ఇదీ అమెరికా చట్టంలో ఉన్నదే: తాను స్వయంగా, గణనీయంగా పాల్గొన్న వ్యవహారంలో మాజీ అధికారి ఇతరుల తరఫున ప్రభుత్వం ముందుకు జీవితాంతం రాకూడదు. తాను ముట్టని ఫైళ్ల మీద పని చేసుకోవచ్చు కాబట్టి బతుకుదెరువు పోదు. అయితే ఇందులో పెద్ద లోటు ఒకటుంది. ముఖం చూపకుండా వెనక కూర్చుని సలహా ఇస్తే ఈ నిషేధం పట్టుకోదు. జనరళ్ల గడువు నిబంధన మాత్రం ఆ చాటు పనిని కూడా లాబీయింగ్‌గానే లెక్కిస్తుంది. ఆ ఒక్క అంశాన్ని తెచ్చి ఇందులో కలపాలి.

విదేశాల తరఫున పనిచేసేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలనే 1938 నాటి అమెరికా చట్టం లాంటిది తోడుగా ఉండొచ్చు, ఒక్కటే అయితే చాలదు. ఆయుధాల రంగంలోకే జీవితాంతం రానివ్వకపోవడం అతి.

ఫైలును బట్టి నిషేధం అమలు కష్టమంటారు. మన ఆఫీసుల్లో నోట్‌ఫైలు మీద ఎవరు ఏ తేదీన ఏం రాశారో సంతకంతో సహా ఉంటుంది. రిటైరయ్యే రోజున ఆ జాబితా తీసి, ఒక కాపీ అధికారికి, ఒక కాపీ రక్షణ శాఖకు ఇవ్వొచ్చు.