ఫోటో చూసి పిట్ట పేరు చెప్పే ఆప్: పిల్ల డేగల దగ్గర నా అసంతృప్తి

ఫోటో ఇస్తే పిట్ట పేరు చెప్పే ఆప్‌లు ఎలా పనిచేస్తాయో, ఫోన్‌లో ఎలా వేసుకోవాలో ఇప్పుడు అందరికీ తెలుసు కనుక ఆ వివరాల జోలికి పోవడం లేదు. కొన్నేళ్లుగా నేను వాడుతున్న ఆప్ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. అది జాతి పేరు చెబుతుంది, వయసు చెప్పదు. చెరువు మీది పిట్టల విషయంలో ఈ లోటు పెద్దగా తెలియదు. డేగల దగ్గరికి వచ్చేసరికి, అందులోనూ గూడు విడిచిన పిల్లలు తోటల్లో తిరిగే వానాకాలంలో, మనకు అన్నిటికన్నా అవసరమైన సంగతే జవాబులో ఉండదు.

నల్లగొండ చుట్టుపక్కల తరచుగా కనిపించేది జాలె డేగ, ఇంగ్లిష్ పుస్తకాల్లో షిక్రా. ఎదిగిన మగదాన్ని గుర్తుపట్టడానికి ఏ ఆప్ అక్కర్లేదు. నీలిబూడిద రంగు వీపు, రొమ్ము మీద సన్నని ఇటుకరంగు అడ్డచారలు, ఎర్రని కన్ను చాలు. అదే జాతి పిల్లను చూస్తే వేరే పక్షి అనిపిస్తుంది. వీపు గోధుమరంగులో ఉండి ఒక్కో ఈకకు లేతరంగు అంచు ఉంటుంది, కన్ను పసుపు. రొమ్ము మీద అడ్డచారలకు బదులు కిందికి జారుతున్న బొట్లలాంటి నిలువు మచ్చలుంటాయి, అవే డొక్కల దగ్గరికి వచ్చేసరికి అడ్డంగా తిరుగుతాయి. గొంతు మధ్యలో సన్నని నల్లగీత ఒకటి కనిపిస్తుంది. పైగా ఈ జాతిలో ఆడది మగదానికన్నా పెద్దది కాబట్టి, ఒకే గూటిలో పెరిగిన అన్నాచెల్లెళ్లు రెండు వేర్వేరు జాతులని అనుకునే అవకాశం కూడా ఉంది.

నా అసంతృప్తికి మూలమైన సంఘటనను కొంత వివరంగా చెప్పాలి. హాలియా దగ్గర మా బావగారికి బత్తాయి తోట ఉంది. వానలు మొదలైన కొత్తలో ఒక సాయంత్రం, కంచె పక్కనున్న తుమ్మచెట్టు మీద గోధుమరంగు వీపు, మచ్చల రొమ్ము, పసుపు కన్ను, పట్టీల తోక ఉన్న పక్షి ఒకటి కూర్చుని ఉంది. ఎదురుగా నిలబడి ఫోటో తీసి ఆప్‌కు ఇస్తే వెంటనే షిక్రా అని చెప్పింది. ఆ ఫోటో మటుకు చూస్తే ఆ జవాబును తప్పుపట్టడం కష్టమే. ఇంతలో తోట కాపలా ఉండే పెద్దాయన నన్ను పిలిచి, "సారూ, డేగపిల్లకు గా పిట్టలు మేత పెడుతున్నయ్, సూడుండ్రి" అన్నాడు. గుంపుగా తిరుగుతూ గోల చేసే బూడిదరంగు జంగిల్ బ్యాబ్లర్లు అవి. వాటిలో ఒకటి పురుగును ముక్కున కరుచుకుని కొమ్మ మీదికి వచ్చింది. తనకన్నా పెద్దదైన ఆ పక్షి రెక్కలు వణికిస్తూ నోరు తెరవగానే పురుగును గొంతులో పెట్టి, మళ్లీ కిందికి దిగి ఆకుల్లో వెతకసాగింది.

చిన్న పిట్టలను వేటాడే డేగకు ఏ బ్యాబ్లరూ మేత తెచ్చిపెట్టదు. అది హాక్ కుక్కూ పిల్ల. డేగను పోలి ఉండే ఈ కోకిల జాతి పక్షి బ్యాబ్లర్ల గూళ్లలో గుడ్లు పెడుతుంది, పిల్లను అవే తమ పిల్లగా సాకుతాయి. ఎదిగిన హాక్ కుక్కూ రెక్కలు ఆడించి, కాసేపు తేలి, మళ్లీ ఆడించే ఎగిరే తీరు కూడా డేగదిలాగే ఉంటుంది కనుక చిన్న పిట్టలు దాన్ని చూసి బెదిరిపోతాయి. బైనాక్యులర్ పెట్టి ముక్కును, కాళ్లను చూస్తే అనుమానం మిగలలేదు. డేగ ముక్కు మొదలు నుంచే కొక్కెంలా కిందికి వంగుతుంది, దీనిది దాదాపు తిన్నగా ఉంది. డేగకు మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కు ఉండి వాడి గోళ్లుంటాయి. ఈ పక్షి రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కు పెట్టి కొమ్మను పట్టుకుని ఉంది. ముక్కు పక్కనుంచి స్పష్టంగా కనిపించే మరో ఫోటో ఇచ్చాక ఆప్ తన జవాబును మార్చుకుని హాక్ కుక్కూ అన్నది. మొదట దేన్ని ఆధారం చేసుకున్నదో, తర్వాత దేన్ని చూసి మార్చుకున్నదో ఎక్కడా చెప్పలేదు. షిక్రా అన్నప్పుడు పోల్చి చూసుకోవడానికి పక్కన పెట్టిన బొమ్మ కూడా ఎర్రకన్ను పెద్ద మగదానిదే. పిల్లను చూసి సందేహంలో పడినవాడికి ఆ బొమ్మ వల్ల ఏ ప్రయోజనమూ లేదు.

పానగల్ ఉదయసముద్రం కట్ట దగ్గర ఇంకో రకంగా జరిగింది. చింతచెట్టు మీద కూర్చున్న జాలె డేగ ఆడపిల్లను ఆప్ బెస్రా అన్నది. బెస్రా జాలె డేగను పోలిన మరో డేగ, ముఖ్యంగా దట్టమైన అడవి పక్షి. దాని గొంతుగీత స్పష్టంగా లావుగా, తోక మీది నల్లపట్టీలు వెడల్పుగా ఉంటాయి. నేను చూసినదానికి గీత సన్నం, పట్టీలు ఇరుకు, సంఖ్యలో ఎక్కువ. చలికాలంలో వచ్చే స్పారోహాక్ అనే డేగ కూడా కాదు, ఎందుకంటే దాని పిల్లకు రొమ్ము మీద నిలువు మచ్చలు కాక అడ్డచారలుంటాయి, గొంతుగీత ఉండదు. ఈ రెండు మూడు గుర్తులను తెర మీద చూపించి ఉంటే చాలు, పేరు ఏదన్నది వాడేవాడే తేల్చుకునేవాడు.

2024లో జాలె డేగను అక్సిపిటర్ ప్రజాతి నుంచి టాకిస్పిజాలోకి మార్చారు. ఆ కొత్త శాస్త్రీయ నామం ఆప్‌లోకి వచ్చేసింది. అంత శ్రద్ధగా పేర్లు సరిచేసేవారు పేరు పక్కన "పిల్ల కావచ్చు" అనే మాట చేర్చడం, పిల్ల బొమ్మను ముందుకు తేవడం చేయగలరనే నా నమ్మకం. అందుకే ఈ ఫిర్యాదును ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఈ ఆప్ ఉంటే పుస్తకం మోయనక్కర్లేదని మా బడిలో తోటి ఉపాధ్యాయులకు చెబుతూ వచ్చాను. ఇప్పుడు ఆ మాటను చెరువు పిట్టలకు, ఎదిగిన పక్షులకు పరిమితం చేసి చెబుతున్నాను. కూతను విని పేరు చెప్పే సదుపాయం బాగుంది, గూటి చుట్టూ అరిచే డేగపిల్లల జాడ నాకు దానితోనే చాలాసార్లు దొరికింది. అయితే పసుల పోలిగాడు (డ్రోంగో అనే నల్లపిట్ట) డేగ కూతను అనుకరించగలదు కాబట్టి, పక్షిని కంటితో చూడకుండా ఆ జవాబును నేను రాసుకోను.

నేను ఫోన్ కెమెరాతోనే, ఎక్కువగా తోటల్లోనూ చెరువు కట్టల మీదా ఫోటోలు తీస్తాను. పెద్ద లెన్సుతో ముక్కు, కాళ్లు తేటగా తీయగలవారికి ఇంతకన్నా మంచి ఫలితాలు రావచ్చు. మన్ననూరు, ఫర్హాబాద్ వైపు నల్లమలలో తిరిగేవారు మాత్రం బెస్రా అన్న జవాబును నాలాగా వెంటనే పక్కన పెట్టకుండా గొంతుగీతనూ తోకపట్టీలనూ చూసుకోవాలి. నా మటుకు ఆప్‌ను ఫోన్‌లో ఉంచుకున్నాను. డేగలా కనిపించే పిల్లపక్షి ఎదురైతే ముందు బైనాక్యులర్‌తో ముక్కు, వేళ్లు, గొంతు, తోక చూసి, దానికి మేత ఎవరు తెస్తున్నారో కాసేపు గమనించి, ఆ తర్వాతే ఆప్ ఏమంటుందో చూస్తున్నాను.