టెస్ట్ చేయకుండా బాత్రూమ్ లీకేజీకి సీల్ వేస్తామనేవాళ్లతో జాగ్రత్త

"టైల్స్ పగలగొట్టే పనే లేదండీ, ఒక్క పూటలో లీకేజీ ఆపేస్తాం" అనే వాటర్‌ప్రూఫింగ్ వాళ్లకు అడ్వాన్స్ ఇవ్వబోతున్నారా? దయచేసి ముందు ఇది చదవండి.

మా బాత్రూమ్ కింద ఉన్న గదిలో శ్లాబుకి చెమ్మ పట్టి, పెయింటు ఉబ్బి రాలడం మొదలైంది. పనికొచ్చినవాళ్లు నీళ్లు ఎక్కణ్నుంచి దిగుతున్నాయో చూడనే లేదు. గోడా నేలా కలిసే మూలల్లో పాత సిలికాన్ తీయకుండా, తడి కూడా ఆరకుండా దాని మీదే కొత్తది పూశారు. టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ రుద్ది, సాయంత్రానికే స్నానాలు చేసుకోవచ్చన్నారు. కొన్నాళ్లకే ఆ సిలికాన్ పట్టీ మొత్తం ఊడి చేతికొచ్చింది. కింద చెమ్మ అసలు తగ్గనే లేదు. ఫోన్ చేస్తే, గ్యారంటీ మెటీరియల్‌కే గానీ పనికి కాదట! డబ్బు తీసుకునేటప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదు?

తర్వాత వచ్చిన ప్లంబర్ ఏమీ పూయకుండా ముందు కారణం వెతికాడు. కుళాయిలన్నీ కట్టేసి వాటర్ మీటర్ చూశాడు, తిరగలేదు. అంటే నీళ్లొచ్చే పైపుల్లో లీక్ లేనట్టే. తర్వాత నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ మూతి బిగించి, గుమ్మం దాటకుండా నేల మీద నీళ్లు నిలిపి 24 గంటలు వదిలేశాడు. కింద మరక పెరగలేదు. మూత తీసి ఆ నీళ్లు వదిలాక చూస్తే శ్లాబు కింద బొట్లు! లీక్ ట్రాప్ కింద పైపు జాయింట్‌లో ఉంది. పైన ఎంత సిలికాన్ పూసినా అది ఆగేది కాదు. ట్రాప్ చుట్టూ నాలుగు టైల్స్ తీసి, జాయింట్ మార్చి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసి మూసేశాక సమస్య తీరింది.

నేల మీద నీళ్లు నిలిపినప్పుడే మరక పెరిగితే మాత్రం టైల్స్ కింద కోటింగ్ దెబ్బతిని ఉండొచ్చు. టైల్స్ సందుల్లో నింపే మామూలు సిమెంట్ గ్రౌట్ నీళ్లు పీల్చుకుంటుంది, కోటింగ్ చేసే పని అది చేయలేదు. మూలల్లో, కమోడ్ చుట్టూ సిలికాన్ కావాల్సిందే. కానీ పాతది పూర్తిగా గీకి, సబ్బు జిడ్డు తుడిచి, బాగా ఆరాకే కొత్తది పూయాలి. తర్వాత ట్యూబ్ మీద రాసినంతసేపు, మామూలుగా ఒక రోజు, నీళ్లు తగలనివ్వకూడదు. ఈ ఆరబెట్టే టైమ్ ఇవ్వనివాళ్ల పనిని అస్సలు నమ్మొద్దు.

చెమ్మ పట్టిన చోట లైటో ఫ్యానో ఉంటే ముందు దాని కరెంటు కట్టేయండి, ఇది వాయిదా వేయకండి. ఇక బేరం దగ్గర, పనికి ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి నీళ్లు నిలిపి చూపించాలని గట్టిగా అడగండి. కుదరదంటే పంపించేయండి. గ్యారంటీ పనికి కూడా అని కాగితం మీద రాయించుకుని, రెండో టెస్ట్ అయ్యేదాకా సగం డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.