సంక్రాంతికి సగం సీజన్: ఎన్‌బీఏ జట్లకి ర్యాంకులు వేయడానికి ఏ పట్టిక పనికొస్తుంది?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్కో జట్టుకి సీజన్‌లో 82 ఆటలు. అక్టోబరు ఆఖర్లో మొదలైన సీజన్ మన భోగి నాటికి సుమారు 40 ఆటల దగ్గర, దాదాపు నడిమధ్యన ఉంటుంది. ఏ జట్టు నిజంగా బలమైనది, ఏ జట్టు దగ్గరి గెలుపులతో నెట్టుకొస్తోంది అని తేల్చుకోవడానికి ఇదే సరైన సమయం. నవంబరులో వేసిన ర్యాంకులు తొందరపాటు. మార్చిలో వేస్తే అప్పటికి ఎలాగూ అందరికీ తెలిసిపోయి ఉంటుంది. ఈ పనికి ఫోన్‌లో దొరికే సాధనాలు ఐదు: ఎన్‌బీఏ యాప్‌లోని స్టాండింగ్స్ (గెలుపోటముల పట్టిక), ఎన్‌బీఏ గణాంకాల సైట్, బాస్కెట్‌బాల్ రిఫరెన్స్, డబ్బు కట్టి చూసే క్లీనింగ్ ద గ్లాస్, వారం వారం వచ్చే పవర్ ర్యాంకింగ్స్ వ్యాసం. వీటిలో ఏది దేనికి పనికొస్తుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో చూద్దాం.

విజయనగరం, శ్రీకాకుళంలో ఉండి ఎన్‌బీఏ చూసేవాళ్లకి ఈ పట్టికల అవసరం ఇంకాస్త ఎక్కువ. చలికాలంలో అమెరికా తూర్పు తీరాన రాత్రి 7 గంటలకి మొదలయ్యే ఆట మనకి పొద్దున్న 5:30కి పడుతుంది, 7:30 ఆట 6 గంటలకి. కాలేజీకో డ్యూటీకో బయల్దేరేలోపు బోస్టన్, న్యూయార్క్, క్లీవ్‌లాండ్ ఆటలు చూసేయొచ్చు. లాస్ ఏంజిలిస్, పోర్ట్‌లాండ్, శాక్రమెంటోలో జరిగేవి మాత్రం చాలావరకు మనకి 8:30కో 9కో మొదలవుతాయి. అప్పటికి మనం కాంప్లెక్స్‌లో బస్సెక్కుతూ ఉంటాం. వెస్ట్ జట్లని తీరిగ్గా చూసేది ఆదివారం పొద్దున్నే, అది అక్కడి శనివారం రాత్రి. అందుకని కేవలం చూసిన ఆటలని బట్టి ర్యాంకులు వేస్తే ఈస్ట్ జట్లు తెలియకుండానే పైకి వచ్చేస్తాయి. కళ్లతో చూడలేని ఆటల లోటు పట్టికే తీర్చాలి.

ముందుగా స్టాండింగ్స్. ఉచితం, వెంటనే తెరుచుకుంటుంది, ఆట అయిన వెంటనే మారుతుంది. ఎవరు ప్లేఆఫ్స్‌కి (సీజన్ ఆటల తర్వాత ట్రోఫీ కోసం జరిగే పోరుకి) వెళ్తారన్న ప్రశ్నకి దీన్ని మించింది లేదు. లీగ్‌లో ఈస్ట్, వెస్ట్ అని రెండు భాగాలు, వాటినే కాన్ఫరెన్స్‌లు అంటారు. ఒక్కో కాన్ఫరెన్స్‌లో 15 జట్లుంటే మొదటి 6 నేరుగా వెళ్తాయి. 7 నుంచి 10 వరకు మిగిలిన రెండు స్థానాల కోసం ప్లే-ఇన్ ఆడాలి. 7, 8 స్థానాల జట్లు ఆడితే గెలిచినది ఏడో స్థానం తీసుకుంటుంది. ఓడినది 9, 10 జట్ల ఆటలో గెలిచినదానితో ఎనిమిదో స్థానం కోసం ఆడుతుంది. కాబట్టి సంక్రాంతి నాటి పట్టికలో చూడాల్సిన గీతలు రెండే: ఆరుకీ ఏడుకీ మధ్య ఒకటి, పదికీ పదకొండుకీ మధ్య ఇంకోటి. మూడో స్థానమా నాలుగో స్థానమా అన్న గొడవ అప్పటికి అనవసరం, ఒక్క వారంలో తారుమారవుతుంది.

ఇందులో ఎక్కువమందిని తికమక పెట్టేది ‘గేమ్స్ బిహైండ్’ వరుస. గెలుపుల్లో తేడాని, ఓటముల్లో తేడాని కలిపి రెండుతో భాగిస్తే వచ్చేది అది. పై జట్టు 30–10 (30 గెలుపులు, 10 ఓటములు), కింది జట్టు 27–13 అయితే (3+3)/2, అంటే 3 ఆటల వెనకబాటు. ఇంకో జట్టు 26–12 అయితే (4+2)/2, మళ్లీ 3. వెనకబాటు ఒకటే, గెలుపు శాతం మాత్రం ఒకదానికి 67.5, మరోదానికి 68.4. స్థానాన్ని నిర్ణయించేది శాతమే. జట్లన్నీ ఒకే సంఖ్యలో ఆటలు ఆడి ఉండని జనవరిలో ఈ వరుసని కాకుండా శాతాన్నే చూడాలి. శాతం కూడా సమానమైతే ముందు ఆ రెండు జట్ల ముఖాముఖి ఫలితం, తర్వాత డివిజన్‌లో (కాన్ఫరెన్స్ లోపలి చిన్న గుంపులో) మొదటి స్థానం చూస్తారు.

ఎవరు బలమైనవాళ్లు అన్న ప్రశ్నకి మాత్రం స్టాండింగ్స్ చాలదు. కారణం షెడ్యూల్. 82 ఆటల్లో 52 సొంత కాన్ఫరెన్స్ జట్లతోనే, అవతలి కాన్ఫరెన్స్‌లోని 15 జట్లతో రెండేసి చొప్పున 30. ఒక కాన్ఫరెన్స్ బలహీనంగా ఉన్న ఏడాది అక్కడి 27 గెలుపులూ, ఇవతలి 27 గెలుపులూ ఒకటి కావు. సొంత మైదానం సంగతి కూడా అంతే. సీజన్ మొత్తానికి 41–41 సరిపోతుంది గానీ జనవరికి ఒక జట్టు 24 ఆటలు ఇంట్లో, 16 బయట ఆడి ఉండొచ్చు. సొంత మైదానం విలువ సుమారు 2.5 పాయింట్లు అనుకుంటే 8 అదనపు ఇంటి ఆటల వల్ల సగటున ఆటకి అర పాయింటు ఊరికే కలిసొస్తుంది. మధ్యలో గుంపుగా ఉన్న జట్లలో రెండు మూడు స్థానాలు మారడానికి ఆ అర పాయింటు చాలు. ‘హోమ్’, ‘రోడ్’ వరుసలు అదే పట్టికలో ఉంటాయి, వాటిని చూడకుండా దాటిపోవద్దు.

2021–22లో బోస్టన్ సెల్టిక్స్ 50 ఆటలయ్యేసరికి 25–25. స్టాండింగ్స్ చూసినవాళ్లకి మధ్యరకం జట్టు. కానీ వాళ్ల పాయింట్ల తేడా (వేసినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే వచ్చేది) అప్పటికే ప్లస్‌లో ఉంది. ఓడినవి తక్కువ తేడాతో, గెలిచినవి ఎక్కువ తేడాతో. మిగిలిన 32లో 26 గెలిచి 51–31తో ముగించి ఫైనల్స్ దాకా వెళ్లారు. గెలుపోటముల కంటే పాయింట్ల తేడా ముందే చెబుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

ఈ కారణంగానే ఎన్‌బీఏ గణాంకాల సైట్‌కి నా లెక్కలో మొదటి స్థానం. ఇది కూడా ఉచితమే. ‘టీమ్స్’లోకి వెళ్లి ‘జనరల్’, అందులో ‘అడ్వాన్స్‌డ్’ నొక్కితే అఫెన్సివ్ రేటింగ్, డిఫెన్సివ్ రేటింగ్, నెట్ రేటింగ్, పేస్ వస్తాయి. నెట్ రేటింగ్ తల మీద నొక్కితే ఆ క్రమంలో సర్దుకుంటుంది. అఫెన్సివ్ అంటే వేసిన పాయింట్లు, డిఫెన్సివ్ అంటే ప్రత్యర్థికి ఇచ్చినవి, నెట్ అంటే ఆ రెండింటి తేడా, పేస్ అంటే ఆట వేగం. ఈ రేటింగులన్నీ 100 పొసెషన్లకి (బంతి జట్టు చేతికి వచ్చిన ఒక్కో విడత ఒక పొసెషన్) ఎన్ని పాయింట్లు అన్న లెక్క. ఆట వేగం ఒక్కో జట్టుకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇది తప్పనిసరి. ప్రత్యర్థికి ఆటకి 115 పాయింట్లు ఇచ్చే రెండు జట్లని తీసుకోండి. 103 పొసెషన్లతో ఆడే జట్టుకి అది 111.7 రేటింగ్, గట్టి డిఫెన్స్. 96 పొసెషన్లతో ఆడే జట్టుకి 119.8, బలహీనమైన డిఫెన్స్. పేపర్లో స్కోరు చూస్తే రెండూ ఒకటే.

సైట్ అసలు బలం ఫిల్టర్లలో ఉంది. తేదీ నుంచి తేదీకి పెట్టుకోవచ్చు, ఇంటి ఆటలు మాత్రమే చూడొచ్చు, చివరి 10 లేదా 15 ఆటలు విడదీయొచ్చు. ప్రధాన ఆటగాడు గాయంతో మూడు వారాలు బయట ఉంటే ఆ మూడు వారాలని పక్కన పెట్టి, ముందు భాగాన్నీ తర్వాతి భాగాన్నీ విడివిడిగా తీసి చూడాలి. 2024–25లో ఇండియానా పేసర్స్ 10–15తో మొదలుపెట్టింది. ఆండ్రూ నెంబార్డ్, ఆరన్ నీస్మిత్ గాయాలతో చాలా ఆటలకి దూరమైన కాలం అది. అదే జట్టు 50–32తో ముగించి, ఫైనల్స్‌లో ఓక్లహోమా సిటీ థండర్‌తో ఏడో ఆట దాకా పోరాడింది. జనవరిలో సీజన్ మొత్తం సగటు చూసినవాళ్లకి ఆ మార్పు కనిపించదు, డిసెంబరు మధ్య నుంచి ఫిల్టర్ పెట్టి చూసినవాళ్లకి ముందే తెలిసేది. అయితే 15 ఆటల కంటే తక్కువ ముక్క తీయకండి. అంత చిన్న ముక్కలో ఒక్క 35 పాయింట్ల గెలుపు సగటునే మార్చేస్తుంది.

నెట్ రేటింగ్‌ని గుడ్డిగా నమ్మకూడని చోట్లు కూడా ఉన్నాయి. మొదటిది ప్రత్యర్థుల త్రీ పాయింట్ శాతం, అంటే వాళ్లు దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లలో (త్రీలలో) ఎన్ని పడ్డాయన్నది. ‘ఆపోనెంట్’ పట్టికలో ఇది దొరుకుతుంది. అవతలివాళ్లు ఎన్ని త్రీలు వేస్తారన్నది డిఫెన్స్ చేతిలో కొంత ఉంటుంది గానీ, వేసినవాటిలో ఎన్ని పడతాయన్నది చాలావరకు అదృష్టం. ఆటకి 37 త్రీలు వేసే ప్రత్యర్థులు సగటు కంటే 2 శాతం తక్కువగా వేస్తే, ఆటకి 2.2 పాయింట్లు మిగులుతాయి. సగం సీజన్‌లో డిఫెన్స్ మొదటి మూడింట్లో ఉన్న జట్టుకి ఈ శాతం మరీ తక్కువగా కనిపిస్తే, ఆ 2.2లో సగమైనా తీసేసి చూడాలి. మార్చికల్లా అది సర్దుకుంటుంది. రెండోది ఎన్‌బీఏ కప్. 2023లో మొదలైన ఈ టోర్నీ గ్రూప్ ఆటలు సీజన్ లెక్కలోకి వస్తాయి. గ్రూపులో జట్లు సమానంగా నిలిస్తే పాయింట్ల తేడా చూస్తారు కాబట్టి 20 పాయింట్ల ఆధిక్యంలో కూడా ప్రధాన ఆటగాళ్లని ఆడిస్తుంటారు. నవంబరులో వచ్చిన ఒకటి రెండు భారీ గెలుపులకి ఇది కారణం కావొచ్చు. కప్ ఫైనల్ మాత్రం సీజన్ లెక్కలో చేరదు.

షెడ్యూల్ కష్టాన్ని ఈ సైట్ నెట్ రేటింగ్‌లో కలపదు. అక్కడే బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ పనికొస్తుంది. సీజన్ పేజీలోని ‘అడ్వాన్స్‌డ్’ పట్టికలో సగటు పాయింట్ల తేడా, షెడ్యూల్ బలం, రెండూ కలిపిన ఎస్‌ఆర్‌ఎస్ (సింపుల్ రేటింగ్ సిస్టమ్) ఉంటాయి. మధ్య సీజన్ ర్యాంకులకి ఒకే ఒక్క అంకె కావాలంటే ఎస్‌ఆర్‌ఎస్ తీసుకోండి. ఒక్క మెలకువ: రెండు జట్ల ఎస్‌ఆర్‌ఎస్ మధ్య ఒక పాయింటు కంటే తక్కువ తేడా ఉంటే వాటిని ఒకే మెట్టు మీద పెట్టండి. 1 నుంచి 30 దాకా విడివిడి ర్యాంకులు వేయడం కంటే ఐదారు మెట్లుగా విభజించడమే ఈ దశలో నిజానికి దగ్గరగా ఉంటుంది.

అదే పట్టికలో పాయింట్లని బట్టి గెలవాల్సిన ఆటల అంచనా కూడా ఉంటుంది. చేత్తో వేసుకోవచ్చు: వేసిన పాయింట్లని 14వ ఘాతానికి పెంచి, దాన్ని వేసినవాటి 14వ ఘాతం, ఇచ్చినవాటి 14వ ఘాతం మొత్తంతో భాగించాలి. ఆటకి 117 వేసి 114 ఇచ్చే జట్టుకి 0.59 వస్తుంది, 40 ఆటలకి సుమారు 24 గెలుపులు. ఆ జట్టు స్టాండింగ్స్‌లో 28–12తో ఉంటే నాలుగు గెలుపులు అదనం. అవి ఎక్కడివో చూడాలంటే అదే సైట్ విస్తృత స్టాండింగ్స్‌లో 3 పాయింట్ల లోపు తేడాతో ముగిసిన ఆటల ఫలితం చూడండి. అక్కడ 8–1 లాంటిది ఉంటే రెండో సగంలో అది నిలబడుతుందని లెక్క కట్టకండి.

ఫోన్‌లో ఈ సైట్ పట్టికలు వెడల్పు. అడ్డంగా తిప్పి చూడాలి. ప్రతి పట్టిక పైనా ఉండే షేర్ మెనూలో సీఎస్‌వీగా తీసుకునే వీలుంది. దాన్ని షీట్‌లో వేసుకుంటే సొంత లెక్కలు తేలిక. పొద్దుటి ఆటల ఫలితాలు కూడా కలవాలంటే సాయంత్రం చూడటం మేలు. ఎన్‌బీఏ సైట్‌కీ దీనికీ రేటింగుల్లో చిన్న చిన్న తేడాలు కనిపిస్తాయి, పొసెషన్లు లెక్కపెట్టే పద్ధతి వేరు కావడం వల్ల. రెండు సైట్ల అంకెలు కలిపి ఒకే జాబితా చేయకండి.

క్లీనింగ్ ద గ్లాస్ ప్రత్యేకత గార్బేజ్ టైమ్ (ఫలితం తేలిపోయాక ఆడే భాగం) తీసేయడం. నాలుగో క్వార్టర్‌లో 12 నుంచి 9 నిమిషాలు మిగిలి ఉండగా 25 పాయింట్లు, 9 నుంచి 6 మధ్య 20, ఆ తర్వాత 10 పాయింట్ల తేడా ఉండి, రెండు జట్లకీ కలిపి కోర్టులో ఇద్దరికి మించి స్టార్టర్లు (ఆట మొదలుపెట్టిన ఐదుగురిలోని వాళ్లు) లేకపోతే ఆ భాగాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. మంచి పద్ధతి. తేడా ఎక్కువగా పడేది తరచూ భారీగా గెలిచే లేదా భారీగా ఓడే జట్లకి. మధ్య 20 జట్ల క్రమం పెద్దగా మారదు. లైనప్‌లు (కోర్టులో కలిసి ఆడే ఐదుగురి కూర్పులు) తవ్వి చూసేవాళ్లకి డబ్బు కట్టడం న్యాయమే, ర్యాంకుల కోసమే అయితే ఉచిత సైట్లు రెండూ సరిపోతాయి.

ఎన్‌బీఏ సైట్‌లో జాన్ షుమన్ ఏళ్లుగా రాస్తున్న వారపు పవర్ ర్యాంకింగ్స్‌లో జట్టు పక్కన ఉన్న అంకె కంటే కింద రాసిన నాలుగు వాక్యాలకే విలువ. ఏ జట్టు డిఫెన్స్ ఎందుకు పడిపోయింది, వచ్చే వారం ఎవరితో ఆటలున్నాయి లాంటివి అందులో దొరుకుతాయి. గత వారం ఫలితాలకి కాస్త ఎక్కువ బరువు పడటం ఇలాంటి వ్యాసాల స్వభావం. మూడో స్థానం నుంచి తొమ్మిదికి దిగిన జట్టుని చూసి కంగారు పడక్కర్లేదు, దాని ఎస్‌ఆర్‌ఎస్ ఎంత మారిందో చూస్తే చాలు.

ఏ పట్టికకీ అందనివి కొన్ని మిగులుతాయి. 2022–23లో మయామీ హీట్ సీజన్ మొత్తానికి వేసిన పాయింట్ల కంటే ఇచ్చినవే కాస్త ఎక్కువ. 44–38తో ప్లే-ఇన్‌లో మొదటి ఆట ఓడి, రెండోది గెలిచి, ఎనిమిదో స్థానం నుంచి ఫైనల్స్‌కి చేరింది. 2024–25లో క్లీవ్‌లాండ్ 15 వరుస గెలుపులతో మొదలుపెట్టి 64–18తో ముగించినా రెండో రౌండ్‌లోనే పేసర్స్ చేతిలో ఆగిపోయింది. అదే ఏడాది సగటున ఆటకి 12.9 పాయింట్ల తేడాతో అప్పటివరకు లీగ్‌లో ఎవరూ చేరని అంకె సాధించిన థండర్ మాత్రం ట్రోఫీ కూడా ఎత్తింది.

సంక్రాంతికి వేసుకున్న జాబితా ఫిబ్రవరి మొదటి వారం దాకానే చెల్లుతుంది. జట్లు ఆటగాళ్లని మార్చుకునే ట్రేడ్ గడువు అప్పుడే ఉంటుంది. 2025 ఫిబ్రవరి మొదట్లో లూకా డాన్సిచ్ డల్లాస్ నుంచి లేకర్స్‌కి, ఆంథనీ డేవిస్ లేకర్స్ నుంచి డల్లాస్‌కి వెళ్లిన తర్వాత ఆ రెండు జట్ల పాత సగటులతో ఉపయోగం లేకపోయింది. గడువు దాటాక పెద్ద ట్రేడ్ చేసిన జట్లకి తేదీ ఫిల్టర్‌ని కొత్త ఆటగాడి మొదటి ఆట నుంచి పెట్టి, 15 ఆటలు అయ్యేదాకా వాటి పక్కన ర్యాంకు రాయకుండా ఖాళీగా ఉంచండి. మిగతా జట్లకి పాత లెక్కే కొనసాగుతుంది.