రియో నెగ్రోలో ఆరు రోజుల చేపల వేట: పడవకు మంచి మార్కులు, ఆఫీసుకు కాదు

నాన్నకు 67 ఏళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచి గాలం పట్టిన మనిషి. తోక మీద నెమలికన్ను ఉన్న ఒక చేప బొమ్మను ఎప్పుడో పత్రికలోంచి కత్తిరించి పర్సులో పెట్టుకున్నారు. మడతల దగ్గర కాగితం చిరిగినా పారేయలేదు. ఆ చేపను ఆయన చేతికి అందించాలని నేను 14 నెలలు ప్లాన్ చేశాను. బ్రెజిల్‌లో, అమెజాన్ ఉపనది రియో నెగ్రో ఒడ్డున ఉన్న బార్సెలోస్ ఊరి నుంచి నడిచే ఒక నివాస పడవలో వారం బుక్ చేసి, జనవరి చివర్లో వెళ్లొచ్చాం. మనిషికి 5,600 డాలర్లు. మనౌస్ నగరం నుంచి రానుపోను చిన్న విమానం, బస, భోజనం, గైడ్, ఆరు పగళ్ల వేట అన్నీ అందులోనే. సంస్థ పేరు రాయడం లేదు. అక్కడ ఇలాంటి పడవలు చాలానే ఉన్నాయి, ఏది ఎంచుకున్నా అడగాల్సిన ప్రశ్నలు మాత్రం ఇవే.

ఆ చేప పేరు పీకాక్ బాస్, అక్కడివాళ్ల మాటలో టుకునారే. పేరులో బాస్ ఉన్నా ఇది మనకు తెలిసిన తిలాపియా కుటుంబానిది. వాటిలో అన్నిటికంటే పెద్ద రకం రియో నెగ్రోలో దొరుకుతుంది, దాన్ని టుకునారే-అసు అంటారు. 2010లో బార్సెలోస్‌కు ఎగువన ఉన్న సాంటా ఇజబెల్ దగ్గర 13.19 కిలోల చేప పడింది. ప్రపంచ రికార్డు అదే. ఈ చేప గాలానికి తగిలాక నీళ్లలోకి వంగిన చెట్ల వేళ్ల వైపు దూసుకుపోతుంది. మొదటి ఐదు సెకన్లలో ఆపలేకపోతే దారం వేళ్లకు చుట్టుకుని తెగిపోయినట్టే. దారం గురించి కింద నేను ఎందుకంత కోపంగా రాశానో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

ముందు నీళ్ల సంగతి. అమెజాన్ ప్రాంతంలో చేపల వేట అంటే నీటిమట్టమే. మనౌస్ దగ్గర నది ఒక్క ఏడాదిలోనే సుమారు పది మీటర్లు పెరిగి తగ్గుతుంది. నది పొంగినప్పుడు అడవి మునుగుతుంది, చేపలన్నీ చెట్ల మధ్యకు వెళ్లిపోతాయి. అక్కడిదాకా ఏ ఎరా చేరదు. నీళ్లు దిగాక అవి పాయల్లోకి, మడుగుల్లోకి, ఇసుక తిన్నెల అంచులకు వస్తాయి. బార్సెలోస్ చుట్టూ సెప్టెంబర్ నుంచి మార్చి దాకా సీజన్ అని అందరూ రాస్తారు, అది నిజమే. అయితే సీజన్ మధ్యలో కూడా ఎగువన గట్టిగా వాన పడితే నది ఉన్నట్టుండి లేస్తుంది. దీన్ని అక్కడ రెపికేచి అంటారు. అది వచ్చిన మర్నాటి నుంచి చేప దొరకడం కష్టం. మీరు ఎంత డబ్బు కట్టారు, పడవ ఎంత బాగుంది అన్నవి అప్పుడు లెక్కలోకి రావు.

బ్రెజిల్ భూవిజ్ఞాన సర్వే సంస్థ అమెజాన్ నదుల నీటిమట్టాల మీద ప్రతి వారం బులెటిన్ ఇస్తుంది. పోర్చుగీసులో ఉంటుంది గానీ గ్రాఫులు చదవడానికి భాష అక్కర్లేదు. మనౌస్ మట్టం చూసి బార్సెలోస్ సంగతి ఊహించకండి. మనౌస్ కిందనే సోలిమోయెస్ నది వచ్చి కలుస్తుంది, దాని నీటి ఒత్తిడి మనౌస్ మట్టాన్ని మార్చేస్తుంది. గ్రాఫులో బార్సెలోస్ గీత చూడాలి, ఇంకా ఎగువన ఉన్న సావో గాబ్రియెల్ ఊరి గీత కూడా చూడాలి. పైన లేచిన నీళ్లు కొన్ని రోజుల్లో కిందికి రాక తప్పదు.

సంస్థ మీద నా మొదటి ఫిర్యాదు ఇక్కడే. ప్రయాణానికి పది రోజుల ముందు నేను మెయిల్ పెడితే "నీళ్లు చక్కగా తగ్గుతున్నాయి, నిశ్చింతగా రండి" అని జవాబు వచ్చింది. అదే వారం బులెటిన్‌లో ఎగువ గీత పైకి తిరిగి ఉంది. ఆ పేజీ జత చేసి మళ్లీ అడిగాను. మళ్లీ అదే వాక్యం వచ్చింది. వాయిదా వేయమని నేను కోరలేదు. తేదీలు మార్చుకోవడం కుదరదని బుకింగ్ అప్పుడే చెప్పారు, ఒప్పుకునే డబ్బు కట్టాను. నిజం చెప్పి ఉంటే అడుగుకు దిగే జిగ్‌లు (బరువు కట్టిన ఎరలు) ఇంకొన్ని సర్దుకునేదాన్ని, నాన్నను మనసులో సిద్ధం చేసేదాన్ని.

కాగితాల పని గురించి చెప్పాలి, ఎందుకంటే ఆఫీసు పంపిన సూచనల్లో సగం లేదు. ఇండియా పాస్‌పోర్టుకు బ్రెజిల్ వీసా కావాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండా బ్రెజిల్ నుంచి తిరిగొస్తే ఇక్కడ క్వారంటైన్‌లో పెట్టవచ్చు. ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే ఈ టీకా వేస్తారు, కాబట్టి చివరి వారం దాకా ఆగకండి. 60 దాటినవాళ్లలో ఈ టీకాకు తీవ్రమైన రియాక్షన్ వచ్చే అవకాశం అరుదే అయినా కాస్త ఎక్కువ. నాన్న విషయంలో డాక్టర్‌తో విడిగా కూర్చుని మాట్లాడాకే వేయించాం. ఆ రెండు వారాలు నాకు చాలా టెన్షన్. మలేరియా మాత్రల సంగతి కూడా అదే డాక్టర్‌ను అడిగాం. ఇక ఫిషింగ్ లైసెన్స్. బ్రెజిల్ ప్రభుత్వ సైట్‌లో ఎవరికి వాళ్లే తీసుకోవాలి, పడవ మీది వేటకు నేను 60 రియాల్ (బ్రెజిల్ డబ్బు) కట్టాను. ఆదివాసీ భూముల్లోని నదులకు తీసుకెళ్తామని ఎవరైనా అంటే, ఆ సమాజంతో ఒప్పందం ఉందా అని రాతపూర్వకంగా అడగండి.

చిన్న విమానం విషయంలో మాత్రం సంస్థను మెచ్చుకోవాలి. 2023 సెప్టెంబర్ 16న బార్సెలోస్‌లో జోరు వానలో దిగుతూ ఒక విమానం కూలింది. అందులో ఉన్న 14 మందీ చనిపోయారు, ఎక్కువమంది ఇలాంటి వేటకు బయల్దేరినవాళ్లే. అమ్మకు ఈ సంగతి తెలుసు. వాతావరణం బాగోకపోతే ఏం చేస్తారని అడిగితే, మనౌస్‌లోనే ఆపుతామని, పోయిన పూటకు డబ్బు తిరిగి ఇవ్వమని సూటిగా రాశారు. ఆ రోజు నిజంగానే వాన పడింది, మూడు గంటలు ఆపారు. ఒక అరపూట వేట పోయింది. నాకు ఏ బాధా లేదు.

మొదటి రోజు బాగానే గడిచింది. చిన్నవి తొమ్మిది పడ్డాయి, అన్నీ రెండు కిలోల లోపువే. ఆ సాయంత్రం మా గైడ్ ఇసుకలో ఒక పుల్ల గుచ్చాడు. పొద్దున చూస్తే పుల్ల జానెడు మునిగింది. అతను ఏమీ అనలేదు, నాన్న వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. రెండో రోజు ఇద్దరికీ కలిపి మూడు. మూడో రోజు ఒక్కటీ లేదు. పొద్దున ఆరు నుంచి ఎండలో ఎర విసిరి విసిరి నాన్న మణికట్టు వాచింది. "ఫర్వాలేదమ్మా, నది చూశాం కదా" అన్నారు. ఆ మాట విన్నాక నాకు రాత్రి అన్నం సయించలేదు.

ఆ రాత్రే కెప్టెన్ పెద్ద పడవను కదిపాడు. ఉత్తరం వైపు నుంచి కలిసే ఉపనదులు పొంగుతున్నాయని, దక్షిణాన కౌరేస్ నది పైభాగంలో ఇంకా నీళ్లు తక్కువగా ఉండొచ్చని రేడియోలో వేరే పడవల వాళ్లతో మాట్లాడి తెలుసుకున్నాడు. రాత్రంతా ఇంజన్ నడిచింది. అంత డీజిల్ ఖర్చు పెట్టాల్సిన పని అతనికి లేదు, బుకింగ్ కాగితంలో అలాంటి హామీ ఎక్కడా లేదు. ఒడ్డున కట్టిన లాడ్జిలో దిగి ఉంటే మిగతా మూడు రోజులూ ఆ పొంగులోనే గడిచేవి. ఈ రివ్యూలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి: కదిలే పడవను ఎంచుకోండి, నీళ్లు పెరిగితే ఎంత దూరం కదుపుతారో ముందే అడగండి.

నాలుగో రోజు ఒక మడుగు. నదికీ దానికీ మధ్య దారి లేదు. గైడ్ కత్తితో తీగలు నరికి, మేం దిగి నెడుతుంటే చిన్న అల్యూమినియం పడవను బురద మీదుగా లాగాడు. నీళ్లలో కాలు ఎత్తి వేయొద్దని, ఈడుస్తూ నడవమని చూపించాడు. ఇసుకలో కూరుకుని ఉండే టెంకి చేపల మీద అడుగు పడితే ముల్లు దిగుతుంది. లోపల నీళ్లు చిక్కటి టీ డికాక్షన్ రంగులో, గాలి లేకుండా అద్దంలా ఉన్నాయి. రాలిన ఆకుల సారం దిగి వచ్చిన రంగు అది. ఆ పులుపు నీళ్లలో దోమ పిల్లలు బతకడం కష్టం, అందుకే అడవి నడుమ ఉన్నా దోమలు చాలా తక్కువ.

నాన్న మూడో విసురుకే ఎర మీద నీళ్లు పేలాయి. బండరాయి పడ్డట్టు చప్పుడు. రాడ్ మొదలు దాకా వంగింది, నాన్న బొటనవేలితో రీల్ అదిమారు, గైడ్ "కాల్మ, కాల్మ" (నెమ్మది, నెమ్మది) అంటున్నాడు. చేప ఒకసారి గాల్లోకి లేచింది. పక్కల మీద మూడు నల్లటి పట్టీలు, నుదుటి మీద బొడిపె. తర్వాత దారం తెగింది.

అది సంస్థ అద్దెకు ఇచ్చిన సెట్. చిన్న విమానంలో మనిషికి 15 కిలోలే కాబట్టి నాన్నకు అద్దె రాడ్ చాలనుకున్నాం. వారానికి 150 డాలర్లు. 65 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (పేనిన) దారం అన్నారు. తెగిన కొసను వేళ్ల మధ్య పెట్టి చూశాను, నూగు లేచి, రంగు వెలిసి ఉంది. ఎన్ని సీజన్లు వాడారో. కొత్త దారం స్పూల్ ఒకదానికి ఎంతవుతుందో నాకు తెలుసు, ఈ అద్దెలో అది చిన్న ముక్క. ఒక మనిషి ఇంత దూరం వచ్చి, ఇన్నాళ్లు ఆగి, తీరా చేప తగిలాక చేతిలో పాత దారం ఉండటం నేను క్షమించలేను. మీ దారం మీరే తీసుకెళ్లండి. రెండు స్పూళ్లు జేబులో పడతాయి, బరువు లెక్కలోకి రాదు. ఎరల గాలాలు కూడా మందంవి వేయించుకోండి, మామూలువి ఈ చేప నోట్లో చాపుకుపోతాయి.

ఆ మధ్యాహ్నం గైడ్ తన సొంత రీల్‌లోని దారం మొత్తం విప్పి నాన్న రీల్‌కు చుట్టాడు. అడగలేదు, చెప్పలేదు.

ఐదో రోజు పదిన్నరకు, బొచ్చు జిగ్ మీద పడింది. ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు. ఒంటి నిండా తెల్లటి చుక్కలున్న చేప. ఒకప్పుడు చుక్కలది వేరు జాతి, పట్టీలది వేరు జాతి అనుకునేవారు. రెండూ ఒకటే జాతి, గుడ్లు పెట్టే కాలం దగ్గర పడేకొద్దీ చుక్కలు మాసి పట్టీలు తేలతాయి. నాన్న దాన్ని రెండు చేతులతో అడ్డంగా, నీటి మట్టానికి కాస్త పైన పట్టుకున్నారు. పర్సులోని కాగితం తీయమన్నారు. తోక పక్కన పెట్టి చూశారు. నేను ఫోటో తీయడం మర్చిపోయాను, గైడ్ తీశాడు.

వదిలిపెట్టేటప్పుడు గైడ్ చేసిన పని ఇంకెక్కడా చూడలేదు. గులాబీ రంగు డాల్ఫిన్లు, అక్కడ బోటో అంటారు, వేట పడవల వెంట తిరగడం నేర్చుకున్నాయి. అలసిన చేపను వదలగానే మింగేస్తాయి. మా వెనక రెండు ఉన్నాయి. అతను చేపను తడి సంచిలో పెట్టి, నీళ్లు పోస్తూ, మోకాలి లోతు కూడా లేని కొమ్మల మధ్యకు తీసుకెళ్లాడు. అది తోక కొట్టేదాకా పది నిమిషాలు నీళ్లలోనే మోకరించి పట్టుకున్నాడు. గైడ్‌కు టిప్ ఎంత ఇవ్వాలని అడిగేవాళ్లకు నా జవాబు, అనుకున్నదానికి రెట్టింపు పెట్టుకుని వెళ్లండి.

పడవ శుభ్రంగా ఉంది, గదిలో ఏసీ పనిచేసింది, భోజనం పుష్కలంగా పెట్టారు. అన్నం, బీన్స్, ఫరీన్యా అనే కర్రపెండలం రవ్వ రోజూ ఉంటాయి, శాకాహారులు ముందే చెప్పాలి. సాయంత్రాలు పడవ దీపం కింద చిన్న చేపలు మూగేవి. అక్వేరియంలో పెంచుకునే ఎరుపు-నీలం కార్డినల్ టెట్రాలు బార్సెలోస్ నుంచే ప్రపంచమంతా వెళ్లాయి. నాన్న వాటిని చూస్తూ రాత్రి పదింటి దాకా కూర్చునేవారు.

పడవకు, కెప్టెన్‌కు, గైడ్‌కు ఐదుకు ఐదు. ఆఫీసుకు రెండు. అద్దె సామానుకు ఒకటి. మొత్తంగా మూడున్నర వేస్తున్నాను.

తిరిగొచ్చాక దారం ముక్క ఫోటో పెట్టి మెయిల్ రాశాను. తొమ్మిదో రోజున అద్దె 150 డాలర్లు వెనక్కి వేశారు, సీజన్‌కు ఒకసారి దారం మారుస్తామని రాశారు. సీజన్‌కు కాదు, ప్రతి బృందానికీ మార్చాలని తిరిగి రాశాను. దానికి ఇంకా జవాబు రాలేదు. వస్తే ఇక్కడే కలుపుతాను.