సీపాప్‌తో ఏళ్ల తరబడి: మెషిన్ కన్నా మాస్కే ముఖ్యం

నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా అనే జబ్బుకి నేను సీపాప్, అంటే మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషిన్, వాడడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. కొత్తగా డాక్టర్ సీపాప్ రాసిచ్చినవాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏ మెషిన్ కొనాలి? నేను మాత్రం ముందు మాస్క్ సంగతి చూసుకోమంటాను. ఇప్పుడు వచ్చే, అవసరాన్ని బట్టి ప్రెషర్ తానే మార్చుకునే మంచి ఆటో మెషిన్లన్నీ గాలి బాగానే కొడతాయి. ఆ గాలి గొంతు దాకా వెళ్తుందా, కళ్ల పక్కనుంచి బయటికి పోతుందా అన్నది మాస్క్‌ని బట్టి ఉంటుంది.

నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోవడమే ఈ జబ్బు. ఊపిరి కనీసం పది సెకన్లు ఆగినా, బాగా తగ్గినా దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. గంటకి సగటున ఎన్నిసార్లు అలా జరిగిందో చెప్పే అంకె ఏహెచ్ఐ. పెద్దవాళ్లలో 5 లోపు ఉంటే ఫర్వాలేదు. 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నాది తీవ్రం కోవలోకే వచ్చింది. ఆస్ట్రేలియాకి చెందిన డాక్టర్ కాలిన్ సల్లివన్ బృందం 1981లో ఈ చికిత్సని ప్రపంచానికి చెప్పింది. అసలు సూత్రం ఇప్పటికీ అదే: కాస్త ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూడడం.

నాకు మొదట ముక్కూ నోరూ రెండూ కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ ఇచ్చారు. పక్కకి తిరిగితే చాలు, గాలి కళ్లలోకి కొట్టేది. పొద్దున్న లేచేసరికి కళ్లు ఎర్రగా, పొడిగా ఉండేవి. తర్వాత ముక్కు మాత్రమే కప్పే నాసల్ మాస్క్‌కి మారాను. లీక్ సగానికి పైగా తగ్గింది కానీ, కొన్ని రాత్రులు నోరు తెరుచుకుని గాలంతా అక్కణ్ణుంచి పోయేది. గడ్డం కింద కట్టే పట్టీతో నాకేం లాభం కలగలేదు. పడుకునే ముందు సెలైన్ (ఉప్పు నీళ్ల ద్రావణం)తో ముక్కు శుభ్రం చేసుకోవడం బాగా పనిచేసింది. ముక్కు తెరుచుకుని ఉంటే నోరు దానంతట అదే మూసుకుని ఉంటుంది. జలుబు చేసిన రోజులకి పాత ఫుల్ ఫేస్ మాస్క్ పక్కన ఉంచుకుంటాను. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే పిల్లో రకం కూడా ప్రయత్నించాను. చాలా తేలిగ్గా ఉంటుంది కానీ, నాకున్న ప్రెషర్‌కి ముక్కు ఒరుసుకుపోయింది.

పట్టీలు బిగించే పద్ధతి ఎవరైనా ముందే చెప్తే ఎంతో మేలు. గాలి వచ్చినప్పుడు కుషన్ (ముఖానికి ఆనే మెత్తటి సిలికాన్ భాగం) ఉబ్బి ముఖానికి అతుక్కోవాలి. మరీ బిగిస్తే అది ముడతలు పడి లీక్ ఇంకా పెరుగుతుంది, ముక్కు మీద పుండూ పడుతుంది. అందుకే కూర్చుని కాకుండా పడుకుని, మెషిన్ ఆన్‌లో ఉంచి, రెండు వైపులా తిరిగి చూసుకుంటూ సరిచేసుకోవాలి. ముఖానికి క్రీమ్ రాసుకుని మాస్క్ పెట్టుకోకూడదు. చర్మం మీది జిడ్డుకి సిలికాన్ మెత్తబడిపోతుంది. కుషన్‌ని రోజూ ఘాటు లేని సబ్బుతో కడుగుతాను, గొట్టాన్ని వారానికోసారి. ఇంత చూసుకున్నా కొన్ని నెలలకి మెషిన్ చూపించే లీక్ అంకె మెల్లగా పైకి పాకుతుంది. అప్పుడు ప్రెషర్ జోలికి పోకుండా ముందు కుషన్ మార్చాలి.

మాస్క్‌నీ గొట్టాన్నీ ఓజోన్ వాయువుతో శుభ్రం చేసే పెట్టెల జోలికి నేను వెళ్లలేదు. వాటి గురించి అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ 2020లోనే హెచ్చరించింది. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన సీపాప్ మెషిన్లలో కొన్నిటిని వెనక్కి పిలిచింది. లోపలి ఫోమ్ పొడిగా రాలిపోవచ్చన్నది కారణం. ఓజోన్ వాడితే ఆ నష్టం ఇంకా పెరగొచ్చని కూడా అప్పుడే చెప్పారు. సబ్బూ నీళ్లూ చాలు.

గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ లేకపోతే నేను ఈ చికిత్స ఎప్పుడో మానేసేవాణ్ణి, గొంతు అంతగా ఎండిపోయేది. అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. మామూలు నీళ్లతో అడుగున తెల్లటి పొర కడుతుంది. గది చల్లగా ఉంటే గొంతులోకి వెళ్లాల్సిన ఆవిరి గొట్టంలోనే నీరై గుడగుడమంటుంది. అప్పుడు తేమ ఒక మెట్టు తగ్గించడమో, వేడి గొట్టం వాడడమో చేయాలి. మెషిన్ మాత్రం తల కన్నా కింద ఉండాలి, నీళ్లు ముఖం మీదికి రాకుండా.

ఫోన్ యాప్‌లో పొద్దున్నే కనబడే మార్కుని నేను పెద్దగా నమ్మను. మెషిన్‌లోని ఎస్‌డీ కార్డులో ఉన్న వివరాలని ఉచితంగా దొరికే ఆస్కార్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే, ఏ వేళకి లీక్ పెరిగిందో, ఊపిరి ఎప్పుడు ఆగిందో వరసగా కనిపిస్తుంది. చాలా ఆటో మెషిన్లు ప్రెషర్ హద్దులు 4 నుంచి 20 (నీటి సెంటీమీటర్లలో) మధ్య పెట్టి వస్తాయి. 4 దగ్గర నాకు గాలి చాలక ఉక్కిరిబిక్కిరిగా ఉండేది. ఆ గ్రాఫులు చూపించాక డాక్టర్ కింది హద్దు పెంచారు, పొట్ట గాలితో ఉబ్బుతోందంటే పై హద్దు తగ్గించారు. ఇలాంటి మార్పులు డాక్టర్‌తో చెప్పే చేయాలి. ఎందుకంటే గాలి దారి తెరిచే ఉన్నా మెదడు నుంచి సంకేతం రాక ఊపిరి ఆగే సెంట్రల్ రకం కూడా ఉంది. అలాంటప్పుడు ప్రెషర్ పెంచితే పరిస్థితి ఇంకా చెడవచ్చు.

ఫలితం సంగతికొస్తే, పొద్దున్నే వచ్చే తలనొప్పి, రాత్రి పదే పదే మూత్రానికి లేవడం తొందరగానే తగ్గాయి. పగటి మత్తు వదలడానికి మాత్రం చాలా వారాలు పట్టింది. మొదటి వారంలోనే తేడా కనబడలేదని మానేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. ఇబ్బందులూ లేకపోలేదు: చెంపల మీద పట్టీల గుర్తులు, మాస్క్ రంధ్రం నుంచి వచ్చే చల్లగాలి మా ఆవిడ వైపు కొట్టడం. ప్రయాణాల్లో ట్యాంకులో నీళ్లు పారబోసి, మెషిన్‌ని చేతి సామానులోనే పెట్టుకుంటాను. బ్యాటరీ మీద నడపాల్సి వస్తే హ్యుమిడిఫయర్ ఆపేస్తాను, లేకపోతే ఛార్జ్ తెల్లవారేదాకా ఆగదు.

ఈ మధ్య మోటారు ఆయుష్షు దాటిందని స్క్రీన్ మీద సందేశం వస్తోంది. కొత్త మెషిన్ కోసం ప్రెషర్ హద్దులు, ర్యాంప్ (మొదట తక్కువ ప్రెషర్‌తో మొదలై మెల్లగా పెరిగే అమరిక), తేమ అంకెలు కాగితం మీద రాసి పెట్టుకున్నాను. మాస్క్ మాత్రం మార్చను. 22 మిల్లీమీటర్ల మామూలు గొట్టం ఉన్న ఏ కంపెనీ మెషిన్‌కైనా ఇది సరిపోతుంది.