అంతర సూదా, లూపా: వలస ఇళ్లకు ఏది మేలు?

కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు నుంచి బేల్దారి పనులకు హైదరాబాద్, బెంగళూరు వెళ్లే కుటుంబాల ఆడవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. మొదటి బిడ్డ చంకలో ఉంటుంది, రెండో బిడ్డకు కొంచెం ఎడం కావాలి. గర్భం రాకుండా వేసే అంతర సూది, గర్భసంచిలో పెట్టే కాపర్-టి (మన ఊళ్లలో లూప్ అనే అంటారు) రెండూ ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. సరిగ్గా వాడితే రెండూ గట్టివే. అందుకే నేను ముందు అడిగేది ఒక్కటే: మూడు నెలల తర్వాత మీరు ఏ ఊళ్లో ఉంటారు?

అంతర 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. మూడు నెలలకో సూది. వేయించుకున్నట్టు అత్తగారికి కూడా తెలియదు. కొందరికి అదే పెద్ద సుఖం. కాన్పయిన ఆరు వారాల తర్వాత పాలిచ్చే తల్లీ వేయించుకోవచ్చు. నెలసరి క్రమం తప్పడం, కొన్నాళ్లకు ఆగిపోవడం మామూలే, దానికి కంగారు పడొద్దు. మానేశాక మళ్లీ గర్భం నిలవడానికి మాత్రం, చివరి సూది నుంచి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు.

అసలు చిక్కు ఏడాదికి నాలుగుసార్లు ఆసుపత్రి గడప తొక్కాల్సి రావడం. సొంతూళ్లో ఏఎన్ఎం (ఊరి నర్సమ్మ) గుర్తుపెట్టుకుని పిలుస్తుంది. బెంగళూరులో కట్టే బిల్డింగ్ పక్కన రేకుల షెడ్డులో ఉంటే ఎవరు పిలుస్తారు? వెళ్లిన రోజున మందు లేదంటే ఇంకో రోజు కూలి పోతుంది. తేదీకి రెండు వారాల ముందు, దాటితే నాలుగు వారాల వరకు వేయించుకోవచ్చని చాలామందికి తెలియదు. ఊరు వదిలే ముందే వేయించుకుంటే సగం టెన్షన్ పోతుంది.

లూప్‌కు ఈ గొడవ లేదు. 380ఎ రకం పదేళ్లు, 375 రకం ఐదేళ్లు. ఒకసారి వేయించుకుంటే తర్వాత స్టాకు వచ్చిందా లేదా అని చూడక్కర్లేదు. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే తెగింది. రోడ్లు అలా తెగినప్పుడు ఏ మందుకైనా ఆలస్యం తప్పదు, లోపలున్న లూప్‌కు ఆ బెంగ లేదు. మొదటి కొన్ని నెలలు రక్తస్రావం, కడుపునొప్పి ఎక్కువ ఉంటాయి కాబట్టి రక్తం తక్కువున్నవాళ్లు ముందు పరీక్ష చేయించుకోవాలి. "పైకి పాకి గుండెకు చేరుతుంది" అన్నది వట్టి మాట.

లూప్‌లోనూ ఒక మెలిక ఉంది. అడిగినప్పుడు తీసేవాళ్లు ఉండాలి. వేసేటప్పుడు ఉన్న ఉత్సాహం తీసేటప్పుడు ఉండదు. "ఇంకో ఏడాది ఉంచుకోమ్మా" అని పంపేస్తారు. తీశాక గర్భం త్వరగానే నిలుస్తుంది, తీయమనడం మీ హక్కు. నా లెక్కలో తీయించుకునే వీలు లేని చోట లూప్ ఉచితంగా దొరికినా, అందుబాటులో ఉన్నట్టు కాదు.

మిగతావి క్లుప్తంగా. గర్భం రాకుండా వేసుకునే మాత్రల్లో ఛాయా మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. మాలా-ఎన్ రోజూ వేసుకోవాలి. మరపు ఉన్నవాళ్లకు రెండూ కష్టమే. సుఖవ్యాధులను ఆపేది నిరోధ్ ఒక్కటే. ఇక పిల్లలు వద్దనుకుని చేయించుకునే ఆపరేషన్ సంగతి వేరు. ఆంధ్రలో పెళ్లైన ప్రతి పదిమంది ఆడవాళ్లలో దాదాపు ఏడుగురు చేయించుకున్నవాళ్లే, ఎడం కోసం అడిగేవాళ్లకు అది జవాబు కాదు.

ఉగాండా, సెనెగల్ లాంటి దేశాల్లో ఈ సూది మందునే చర్మం కింద ఎవరికి వారు వేసుకునేలా ఇస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఆ పద్ధతిని సిఫారసు చేసింది. కొన్ని డోసులు సంచిలో పెట్టుకుని పనికి వెళ్లగలిగితే నా జవాబు మారుతుంది.

అప్పటిదాకా, ఊళ్లోనే ఉండేవాళ్లు అంతర తీసుకున్నా ఇబ్బంది లేదు. వలస వెళ్లేవాళ్లకు నా ఓటు లూప్‌కే. ఒంటికి అది పడకపోతే అంతర కార్డును ఫోన్లో ఫొటో తీసుకుని, తర్వాతి తేదీకి అలారం పెట్టుకుని బయల్దేరండి.